మేడ మీద నుంచి, చెట్టు మీద నుంచి

వెన్నుపాము దెబ్బ అనగానే చాలామంది కళ్ల ముందుకొచ్చేది హైవే మీద నుజ్జయిన కారు. అది సగం నిజం. మన దేశంలో ఈ దెబ్బతో ఆస్పత్రి మంచమెక్కినవాళ్లను వరసగా అడుగుతూ పోతే మిగతా సగం బయటపడుతుంది. ఒకడు మేడ మీద నుంచి పడ్డాడు. ఒకడు తాటిచెట్టు మీద నుంచి జారాడు. ఒకడు పరంజా విరిగి కిందికొచ్చిన తాపీపనివాడు. ఇంకొకడు బావిలో పూడిక తీయడానికి దిగుతూ తాడు వదిలేశాడు. మన ఆస్పత్రుల నుంచి వచ్చిన చాలా లెక్కల్లో ఎత్తు నుంచి పడటమే మొదటి కారణం. రోడ్డు ప్రమాదం దాని వెనకో, దానికి దీటుగానో ఉంటుంది.

ఈ అధ్యాయంలో అంకెలు కొంచెం ఎక్కువే. విసుక్కోకుండా చదవండి. జాగ్రత్తలు చెప్పే పుస్తకాలు సాధారణంగా అన్నిట్లోనూ జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకుంటాయి. అన్నిట్లో జాగ్రత్తగా ఉండమంటే మనిషి ఎందులోనూ ఉండడు. ఏ వయసువాళ్లకు, ఏ పని చేసేటప్పుడు, ఏ చోట ఈ దెబ్బ తగులుతోందో తెలిస్తే, మన ఇంట్లో ముందు ఎవరి సంగతి చూడాలో తెలుస్తుంది. అంకెలతో మనకున్న పని అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం భూమ్మీద కోటిన్నర మందికి పైగా వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నారు. అదే సంస్థ 2013లో వేసిన నివేదిక ఏటా కొత్తగా రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల మంది వీళ్లలో చేరుతున్నారని చెప్పింది. అమెరికాలో పది లక్షల జనాభాకు ఏడాదికి సుమారు 54 మంది. మన దేశంలో ఇలాంటి ప్రతి కేసునూ నమోదు చేసే జాతీయ పట్టిక ఏదీ లేదు. డాక్టర్లు తరచుగా వాడే అంచనా పది లక్షలకు 15 నుంచి 20. 2011 జనాభా లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి దాదాపు ఎనిమిదిన్నర కోట్లు. ఆ అంచనాతో గుణిస్తే ఏడాదికి పదమూడు వందల నుంచి పదిహేడు వందల మంది, అంటే రోజుకు నలుగురు. నిన్న నలుగురు, ఇవాళ నలుగురు.

అమెరికాతో పోలిస్తే మన అంకె చిన్నదిగా కనిపిస్తోంది కదా అని సంతోషించాల్సిన పని లేదు. మన రోడ్లు, మన పరంజాలు వాళ్లకంటే భద్రంగా ఉన్నాయని ఎవరూ అనరు. మెడ దగ్గర బలంగా దెబ్బ తగిలినవాడు ఆస్పత్రి చేరకముందే ఊపిరి ఆగి పోతే, అతను రోడ్డు ప్రమాద మృతుల జాబితాలో కలుస్తాడు తప్ప ఈ లెక్కలోకి రాడు. పల్లెలో నడుం విరిగి నాటువైద్యుడి కట్టుతో మంచాన పడి ఉన్నవాడు అసలు ఏ లెక్కలోకీ రాడు. నా మటుకు నేను 15, 20 అనే అంకెను కనీసపు అంకెగానే తీసుకుంటాను.

ఇక ఎవరు? ముందు మగవాళ్లు. ప్రపంచవ్యాప్తంగా పెద్దవాళ్లలో ఇద్దరు మగవాళ్లకు ఒక ఆడమనిషి అన్నది కనీస నిష్పత్తి. మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల నలుగురైదుగురు మగవాళ్లకు ఒక ఆడమనిషి. వయసు చూస్తే ఇరవైల్లో ఒక పెద్ద గుంపు, డెబ్బై దాటాక ఇంకొక గుంపు. ఆడవాళ్లలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకూ, అరవై దాటినవాళ్లకూ ముప్పు ఎక్కువ.

ఇక్కడొక సంగతి ఉంది, దాన్ని పైపైన చదివి వదిలేస్తే మొత్తం తప్పుగా అర్థమవుతుంది. 1970లలో అమెరికాలో ఈ దెబ్బ తగిలేనాటికి సగటు వయసు 29. ఇప్పుడు 43. అక్కడ జనం ముసలివాళ్లవుతున్నారు, బాత్రూముల్లో, మెట్ల మీద పడుతున్నారు. అక్కడి నివేదికల్లో పడటం అంటే చాలావరకు ఆ పడటమే. మన నివేదికల్లో పడటం అంటే వేరు. కూలి కోసం ఎత్తు ఎక్కిన పాతికేళ్లవాడు పడటం. ఇంటికి జీతం తెచ్చేవాడు, పెళ్లయి ఒకరిద్దరు పిల్లలున్నవాడు. అందుకే మన దగ్గర ఈ దెబ్బ ఒక మనిషికి తగిలితే ఆ పూటే ఇంటి సంపాదన ఆగిపోతుంది, భార్యో తల్లో పనిమాని మంచం పక్కన కూర్చుంటుంది. ఒక్క దెబ్బకు రెండు కూలీలు పోతాయి.

వెన్నుపాము ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. మెదడు కింది నుంచి నడుం మొదలు దాకా, పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవున, చిటికెన వేలంత మందంలో వెన్నుపూసల మధ్యలో దిగుతుంది. పూస విరిగినంత మాత్రాన పాము దెబ్బతిన్నట్టు కాదు. విరిగిన ముక్క కదిలి పాముని నొక్కితేనే అసలు నష్టం. దెబ్బ ఎంత పైన తగిలితే అంత పోతుంది. నడుం భాగంలో అయితే కాళ్లు, మూత్రం, విరేచనం మీద పట్టు పోతుంది. మెడలో అయితే చేతులు కూడా. మెడలో మరీ పైన అయితే ఊపిరి తీసుకునే కండరం కూడా ఆగిపోతుంది. కొందరిలో పూర్తిగా తెగినట్టు ఉంటుంది, కొందరిలో కొంత స్పర్శ, కొంత కదలిక మిగులుతాయి. ఆ మిగిలిన కొంత చాలా విలువైనది. కంగారులో దాన్ని పోగొట్టేది చాలాసార్లు మనమే, అది తరవాత చెబుతాను.

మేడ సంగతి ముందు. మన ఊళ్లలో ఇల్లు కట్టడం ఎప్పుడూ పూర్తికాదు. పిల్లల పెళ్లిళ్ల నాటికి పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి వదిలేసి, ఎలాగూ పగలగొట్టాల్సిందే కదా అని పిట్టగోడ కట్టరు. పదేళ్లు గడుస్తాయి. ఈలోపు ఆ మేడ మీదే వడియాలు పెడతారు, మిరపకాయలు ఆరబోస్తారు, ఎండాకాలం రాత్రి కరెంటు పోతే చాపలేసుకుని పడుకుంటారు, సంక్రాంతికి పిల్లలు తలెత్తి గాలిపటం చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. అర్ధరాత్రి మూత్రానికి లేచినవాడికి నిద్రమత్తులో మెట్లు ఏ పక్కనున్నాయో గుర్తుండదు. మందు తాగినవాడి సంగతి చెప్పనక్కర్లేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి పిట్టగోడ కనీసం ఒక మీటరు ఉండాలంటుంది. అంటే మూడడుగుల మూడంగుళాలు, పెద్దమనిషి నడుం దాటే ఎత్తు. మోకాలెత్తు గోడ లేనిదానికంటే ప్రమాదం, ఎందుకంటే దాని మీద కూర్చుంటారు. గోడకు ఇప్పుడు డబ్బు లేకపోతే పిల్లర్ల ఊచలకే అడ్డంగా ఇనప పైపులు రెండు వరసలు వెల్డింగ్ చేయించండి, పైఅంతస్తు వేసినప్పుడు తీసేయవచ్చు. మెట్ల పక్కన రెయిలింగు, మెట్ల దగ్గర రాత్రంతా వెలిగే చిన్న బల్బు కూడా. ట్యాంకు కడగడానికి ఎక్కే మనిషి చెప్పులు విడిచి, నిచ్చెన కింద ఒకరు పట్టుకుంటేనే ఎక్కాలి.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి ఇలాంటి గోడలేమీ ఉండవు. మోకు, కాళ్లకు బంధం, మొలకు కత్తులు, లొట్టి. నలభై యాభై అడుగుల ఎత్తున వెనక్కి ఆనుకుని రెండు చేతులతో గెల కోస్తున్నప్పుడు అతని బరువంతా ఆ మోకు మీదే. వానకు చెట్టు నున్నబడినా, మోకు అరిగినా అంతే సంగతులు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కాలు జారినా మనిషి కిందికి రాకుండా తాడు పట్టి ఆపే ఏర్పాటు అది. అలవాటయ్యేదాకా పని నెమ్మదిస్తుంది, విసుగొస్తుంది. గీత వృత్తిలో ఉన్న కుటుంబాల ఆడవాళ్లకు నా మనవి: కిట్ ఇంట్లో గూట్లో ఉందో, చెట్టు దగ్గరికి వెళుతోందో రోజూ చూడండి. అదే మాట భవన కూలీలకు, కరెంటు పనివాళ్లకు, రంగులు వేసేవాళ్లకు. నడుం బెల్టు ఇవ్వని మేస్త్రి దగ్గర రెండో అంతస్తు దాటి ఎక్కనని చెప్పడం పిరికితనం కాదు.

రోడ్డు గురించి మీకు అందరూ చెబుతూనే ఉంటారు, నేను క్లుప్తంగా పోతాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవాళ్లు. హెల్మెట్ తలను కాపాడుతుంది, వెన్నును కాపాడేది వేగం తగ్గించడమే. కారులో వెనక సీటువాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. బోల్తాపడ్డ కారులోంచి బయటికి ఎగిరిపడేది పెట్టుకోనివాళ్లే. మిరపకోతలకు, పత్తి తీతకు కూలీలను కుక్కుకుపోయే ఆటోలు, ట్రాక్టర్ల గురించి మాత్రం ఎవరూ సరిగా రాయరు. డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చునే సీటు ఉందే, అది సీటు కాదు.

కాలవల్లో, బావుల్లో తలకిందులుగా దూకే కుర్రాళ్ల మెడ అడుగున నేలకు తగిలి విరుగుతుంది. లోతు తెలియని నీళ్లలో ముందు కాళ్లతోనే దిగాలి. ఎండాకాలం సెలవులకు ఊరొచ్చిన పట్నం పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి. పోయినేడు లోతున్న బావి ఈ ఏడు అడుగంటి ఉండొచ్చు. ఆడవాళ్లకు చున్నీ, చీర కొంగు. బైకు చక్రంలోనో, నూర్పిడి యంత్రంలోనో చున్నీ చుట్టుకుంటే మెడ ఒక్కసారిగా వెనక్కి లాగేసి పూస విరుగుతుంది. దక్షిణాసియా డాక్టర్లు దీన్ని ప్రత్యేకంగా నమోదు చేశారు. బండెక్కే ముందు చున్నీ రెండు కొసలూ ముడివేసి లోపలికి దోపుకోవాలి. నెత్తి మీద బరువు మోసేవాళ్లది ఇంకో దారి. బంగ్లాదేశ్‌లో 1979 నుంచి పనిచేస్తున్న పక్షవాత పునరావాస కేంద్రానికి నెత్తిన మూటతో కాలుజారి మెడ విరిగినవాళ్లు చాలామంది వచ్చారు. మన మార్కెట్ యార్డుల హమాలీలు చేసే పనీ అదే.

అరవై దాటినవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. వయసుతో మెడపూసలు అరిగి, పాము తిరిగే దారి ఇరుకై ఉంటుంది. బాత్రూములో జారి గడ్డం నేలకు కొట్టుకుంటే చాలు, ఎముక విరక్కుండానే పాము నలుగుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనిపించదు. కానీ చేతులు బలహీనపడతాయి, చొక్కా గుండీ పెట్టుకోలేరు, కాళ్లు మాత్రం కొంత నయంగా ఉంటాయి. "ఎముక విరగలేదు, పెద్దాయనకు నీరసం అంతే" అని ఇంటికి తీసుకురాకండి. ఎంఆర్‌ఐ అడగండి.

దెబ్బే తగలకుండా వెన్నుపాము పాడయ్యే దారులూ మన దగ్గర తక్కువేం కాదు. వెన్నెముకకు వచ్చే క్షయ వాటిలో ముఖ్యమైనది. నెలల తరబడి తగ్గని వెన్నునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తరవాత కాళ్లు తేలిపోవడం. మందులతో నయమయ్యే జబ్బు, ఆలస్యం చేస్తే మంచాన పడేస్తుంది. రెండోది తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్ సంగతి మొదట బయటపడింది 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. తరవాత నల్గొండలో న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు దశాబ్దాలపాటు చేసిన అధ్యయనాలు, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కి కాళ్లు చచ్చుబడటాన్ని వివరంగా చూపించాయి. అక్కడ పడ్డవాడెవడూ లేడు, తాగిన నీళ్లే.

ఇప్పుడు ఆ మొదటి గంట. ఎవరో పడ్డారు. చుట్టూ జనం మూగారు. మనవాళ్ల మంచి మనసు ఇక్కడే చెరుపు చేస్తుంది. ఒకరు చంకల కింద చేతులేసి, ఒకరు కాళ్లు పట్టి, నడుం వంగిపోయేలా ఎత్తి ఆటోలో కూర్చోబెడతారు. నోట్లో నీళ్లు పోస్తారు. విరిగిన పూస ముక్క పాములోకి దిగడానికి ఆ ఎత్తుడు చాలు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఇంకా ఘోరం.

ముందు 108కి ఫోన్ చెయ్యండి. పడ్డ మనిషిని పలకరించండి, కానీ పక్క నుంచి కాదు, ఎదురుగా వచ్చి. పక్క నుంచి పిలిస్తే మెడ తిప్పుతాడు. "కదలకు అన్నా, తల తిప్పకు" అని చెప్పండి. తల వెనక మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులతో తలను రెండువైపులా, చెవుల దగ్గర, ఉన్నది ఉన్నట్టు పట్టుకోండి. లాగొద్దు, సరిచెయ్యొద్దు. కాలివేళ్లు ఆడించగలడా, తాకితే తెలుస్తోందా అడిగి, ఎన్నింటికి ఏం చెప్పాడో గుర్తుంచుకోండి. డాక్టరుకు అది చాలా ఉపయోగం. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ పీకొద్దు. మంటలో, నీళ్లలో, లారీలు వచ్చే రోడ్డు మధ్యలో ఉంటే తప్ప అంబులెన్సు వచ్చేదాకా కదిలించొద్దు.

వాంతి చేసుకుంటుంటే పక్కకు తిప్పక తప్పదు. అప్పుడు నలుగురు కావాలి. తల పట్టుకున్నవాడే పెద్ద, అతను చెప్పినట్టే మిగతావాళ్లు వినాలి. ముగ్గురు ఒకే పక్కన కూర్చుని ఒకరు భుజం, నడుం దగ్గర, ఒకరు తుంటి, తొడ దగ్గర, ఒకరు మోకాలు, మడమ దగ్గర చేతులేస్తారు. తల దగ్గరివాడు ఒకటి, రెండు, మూడు అనగానే తల, భుజం, తుంటి ఒకే గీతలో ఉండేట్టు దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పాలి. ఊరి యువజన సంఘమో, డ్వాక్రా గ్రూపో ఒక ఆదివారం పూట దీన్ని ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద సాధన చేస్తే చాలు, ఊళ్లో నలుగురైదుగురికి చేతికి వస్తుంది. పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. దగ్గరలో ఏదో ఒకటి అని కాకుండా న్యూరో, స్పైన్ సర్జన్ ఉన్న ఆస్పత్రికి చేర్చమని అడగండి. పాము మీద ఒత్తిడిని 24 గంటల్లోపు తీసేస్తే మంచిదని ఇప్పటి వైద్యం చెబుతోంది.

ఆ తరవాత జీవితం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు కొద్ది వారాల్లో, నెలల్లో చనిపోయారు. వాళ్లను చంపింది ముఖ్యంగా పుండ్లు, మూత్రం ఇన్ఫెక్షన్. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మాన్ రోగులను రెండేసి గంటలకోసారి తిప్పించడం, మూత్రం సంగతి శుభ్రంగా చూడటం, ఆటలాడించడం మొదలుపెట్టాకే వీళ్లకు బతుకుంది అని లోకానికి తెలిసింది. ఇప్పటికీ మన ఇళ్లల్లో చంపేవి ఆ రెండే. కాబట్టి రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. చక్రాల కుర్చీలో ఉంటే పావుగంటకో అరగంటకో పిరుదుల మీద బరువు తీయాలి. రోజూ స్నానం తరవాత అద్దం పెట్టి వెన్ను అడుగు, తుంటి ఎముకలు, మడమలు చూడాలి. నొక్కినా తగ్గని ఎరుపు పుండుకు మొదలు. మూత్రం ట్యూబు ఎప్పటికీ ఉంచేయడం కంటే నాలుగైదు గంటలకోసారి ట్యూబు పెట్టి శుభ్రంగా మూత్రం తీసేసే పద్ధతి నేర్పమని నర్సును అడగండి.

ఇంటికి పంపేటప్పుడు చాలాచోట్ల చెప్పని సంగతి ఒకటుంది. ఛాతీ మధ్యకు పైన దెబ్బ తగిలినవాళ్లకు హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వచ్చి బీపీ విపరీతంగా పెరగొచ్చు. కారణం చాలాసార్లు నిండిన మూత్రాశయం, మెలిపడ్డ ట్యూబు, మలబద్ధకం. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. బట్టలు వదులు చేసి ట్యూబు సరిచూడండి. తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి.

మేరీ వర్గీస్ వేలూరు సీఎంసీలో యువ డాక్టరుగా ఉండగా 1954లో కారు ప్రమాదంలో కాళ్లలో కదలిక పోగొట్టుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరవాత పునరావాస వైద్యం చదివి 1966లో వేలూరులో పునరావాస కేంద్రం నిలబెట్టారు. 1965లో ఎవరెస్టెక్కిన మేజర్ అహ్లూవాలియా అదే ఏడాది యుద్ధంలో వెన్నుకు తూటా తగిలి కుర్చీకి పరిమితమయ్యారు. ఢిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఆయన కట్టిందే. వీళ్ల కథలు చెప్పి మంచం మీదున్నవాణ్ణి నువ్వూ అలా ఉండు అనడం నాకు నచ్చదు. వీళ్ల వెనక ఒక సంస్థ, ఒక జీతం, ఒక చికిత్స ఉన్నాయి. మామూలు మనిషికి వాటి స్థానంలో కాగితాలు ఉంటాయి.

ఆ కాగితాల సంగతితో ముగిస్తాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ముందు. ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో స్లాటు దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. ప్రభుత్వోద్యోగికి ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి వీల్లేదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. పని చేస్తుండగా పడితే చట్టం ప్రకారం యజమాని పరిహారం ఇవ్వాలి, మేస్త్రి చేతిలో పెట్టే పదివేలతో సరిపెట్టుకోకండి. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకుని ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్లో దావా వెయ్యాలి. ఆ ఆరు నెలలూ మంచం పక్కనే తెలియకుండా గడిచిపోతాయి. అందుకని ఇంట్లో ఒకరు మనిషిని చూసుకుంటే, ఇంకొకరు మొదటి వారం నుంచే కాగితాలు చూసుకోండి.